పార్సిల్ వెయ్యము, మనిషే రావాల

నాయన పోయిన తరువాత ఆయన ఆక్సిజన్ మిషన్‌ను అమ్మకానికి పెట్టినప్పుడు, నెట్‌లో ప్రకటన చివర ఒక మాట రాశాను. పార్సిల్ పంపము, మనిషే వచ్చి చూసుకొని తీసుకెళ్లాలి అని. ఆ ఒక్క మాటకు నేను తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. హైదరాబాదు నుంచి ఒకాయన ఫోన్ చేసి, "లారీ ఆఫీసులో పడేస్తే రెండు రోజుల్లో మా ఇంట్లో ఉంటుంది కదండీ, మీకేం నొప్పి?" అన్నాడు. ఇంకొకాయన నేరుగా దొంగతనం అంటగట్టాడు. వస్తువు లేకుండా మనుషుల్ని రప్పించి దోచుకునేవాళ్లు ఇలాగే రాస్తారట. చివరకు కడప నుంచి భార్యాభర్తలు ఇద్దరు కారు మాట్లాడుకొని వచ్చి తీసుకెళ్లారు. ఫోనులో అందరికీ చెప్పలేకపోయిన సంగతి ఒకటి ఉంది. అది చెబుతాను.

మాది చిత్తూరు దాటి తమిళనాడు వైపు పోయే దారిలో ఒక పల్లె. నాయన చెరుకు రైతు. మా చేలోనే గానుగ, పక్కనే బెల్లం పొయ్యి. గానుగ ఆడే రోజుల్లో పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోసేది ఆయనే. కూలి మనిషిని పెట్టుకోమంటే వినేవాడు కాదు. మంట ఒక్క రవ్వ ఎక్కువైనా పాకం మాడి బెల్లం నల్లబడుతుందని, సంతలో ధర పలకదని ఆయన భయం. అట్లా ఏళ్ల తరబడి ఆ పొగలో కూర్చున్నాడు. బీడీ ముట్టని మనిషికి ఊపిరితిత్తులు జల్లెడైనాయని తిరుపతి పెద్దాసుపత్రి డాక్టరు చెప్పినప్పుడు, మా అమ్మ ఆ ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, "పొగ ఇంకా లోపలే ఉండాది" అంది.

ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టాలన్నారు. నిమిషానికి రెండు లీటర్లు, పగలూ రాత్రీ దాదాపు ఎప్పుడూ. చిత్తూరు నుంచి ఆటోలో సిలిండర్లు వచ్చేవి. నాయన మంచం తలాపున నిలబెట్టిన ఆ ఇనప సిలిండరు మీద ఒక గడియారం లాంటిది, దానిలో ముల్లు. ఆ ముల్లు మా ఇంటికి యజమాని అయిపోయింది. అమ్మ పప్పు కడుగుతూ కడుగుతూ చేతులు తుడుచుకోకుండానే వచ్చి దాన్ని చూసిపోయేది. నేను చిత్తూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ చెబుతూ ఉండేదాన్ని. బడికి పోయేముందు చూసేదాన్ని, వస్తూనే చెప్పులు విప్పకుండా చూసేదాన్ని.

ఒకసారి ఏదో బంద్ వచ్చి సిలిండరు ఆటో రాలేదు. ముల్లు ఎర్రగీత దిగిపోయింది. నాయన మంచం అంచున కూర్చొని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలు పైకెత్తి పైకెత్తి గాలి లాగుతున్నాడు. పెదాలు నేరేడుపండు తిన్నట్టు నల్లబడినాయి. ఆ కళ్లు నన్ను చూడటం లేదు. ఎదుట గోడను చూస్తున్నాయి, ఆ గోడలో ఏదైనా సందు ఉంటే అందులోంచి గాలి వస్తుందేమోనన్నట్టు. బంద్ సడలి ఆటో వచ్చేదాకా అమ్మ విసనకర్రతో విసురుతూనే ఉంది. ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగా పట్టేది కాదు.

సిలిండరు అక్కర లేకుండా, కరెంటుతో నడుస్తూ మామూలు గాలిలోంచే ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్ ఒకటి ఉందని డాక్టరే చెప్పాడు. బయటి దేశం నుంచి రావాలి. కొత్తది మా వల్ల అయ్యేది కాదు. రెండువేల ఎనిమిదో తొమ్మిదో, సరిగా గుర్తులేదు. నెట్‌లో జనం పాత బైకులూ బీరువాలూ అమ్ముకోవడం అప్పుడప్పుడే మొదలైంది. బడి వదిలాక నెట్ సెంటరులో కూర్చొని రోజూ వెతికేదాన్ని. ఒకరోజు తిరుపతి పేరు మీద కనబడింది. ఆక్సిజన్ మిషన్, వాడినది, బాగా పనిచేస్తుంది. ఫోటో లేదు, పేరు లేదు. పార్సిల్ పంపబడదు, మనిషి రావాలి అని ఇంగ్లీషులో తప్పులతో రాసి, కింద ఫోన్ నంబరు ఉంది.

బయటికి వచ్చి మెట్ల దగ్గర నిలబడి ఫోన్ చేశాను. మగగొంతు. పెద్దవయసు. బొంగురుగా ఉంది.

"మిషను గురించి చేస్తున్నానండీ. మాది చిత్తూరు దగ్గర. బస్సు పార్సిల్‌లో వేస్తారేమోనని..."

"వెయ్యను. రాసుండాను గదా."

"డబ్బు ముందే పంపిస్తాము."

"డబ్బు మాట కాదు. ఎవురికి మిషను?"

"మా నాయనకు."

"ఎన్ని లీటర్లు రాసినారు?"

"రెండు."

"పడుకునేటప్పుడు ఎన్ని దిండ్లు పెడతారు?"

 అమ్మేవాడు అడగాల్సిన మాట కాదది. "మూడు" అన్నాను, ఎందుకు చెబుతున్నానో తెలియకుండానే.

"మూడేనా? సరే. అలిపిరి దావలో ఆటోల స్టాండు కాడికొచ్చి ఫోన్ చెయ్యి. ఆడి నుంచి నేను సెప్తా."

"మీ పేరండీ?"

"వచ్చినాక సూద్దాం పాపా." ఫోన్ పెట్టేశాడు.

ఇంట్లో చెబితే అమ్మ ఒప్పుకోలేదు. "పేరు సెప్పని మనిషి ఇంటికి యాడని పోతావు? ఎవురో ఏమో. పేపర్లో సూడ్డం లేదా?" నాయన నోట్లోంచి మాట రావడానికి రెండు మూడు ఊపిర్లు పట్టేది. ఆయన చెయ్యి మాత్రం అడ్డంగా ఊపాడు. నాకూ పోవాలని లేదు. కానీ సిలిండరు ఇచ్చే షాపువాడు ఆ వారం సరుకు సరిగా రావడం లేదని చెప్పాడు. ఇంట్లో ఒకటి సగం ఉంది, ఇంకొకటి నిండుగా ఉంది. అంతే.

మా ఊర్లో వ్యాను ఉన్న అన్న ఒకడు ఉండేవాడు. శనివారాల్లో జనాన్ని తిరుపతికి తోలేవాడు. ఆ అన్నను అడిగాను. "నేనుండాను గదమ్మా, పోదాం పా" అన్నాడు. మరునాడు మధ్యాహ్నం బయలుదేరాము. దారి పొడవునా నేను రెండు భయాలను ఒకదాని తరువాత ఒకటి మోస్తూ పోయాను. ఆ మనిషి ఎట్లాంటివాడో అన్నది ఒకటి. వాడు ఎట్లాంటివాడైనా సరే మిషన్ లేకుండా తిరిగి రావాల్సి వస్తే ఎట్లా అన్నది రెండోది.

ఆటోల స్టాండు దగ్గర నుంచి ఫోన్ చేశాను. ఒకేసారి అడ్రసు చెప్పలేదు. ముందుకు రమ్మన్నాడు, లాడ్జీలు అయిపోయినాక మళ్లీ చెయ్యమన్నాడు. చేస్తే ఎడమ సందు అన్నాడు. సందు సన్నబడుతూ కొండ కిందికి పోయింది. గుండ్లు చేయించుకొని పిల్లల్ని ఎత్తుకున్న జనం, అరుపులు, హారన్లు అన్నీ వెనక ఉండిపోయినాయి. చివరి ఇల్లు. గేటుకు గొలుసు చుట్టి ఉంది.

ఆయన బయటికి వచ్చాడు. పొడుగు మనిషి. పాత ఖాకీ ప్యాంటు, బనియను. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నవ్వలేదు.

"మిషను కాడ ఉండేది ఎవురు? నువ్వా, ఈయప్పా?"

"నేనే."

"అట్లయితే నువ్వు రా. ఆయప్పను బండి కాడే ఉండమను, సందులో ఇంకో బండి వస్తే తియ్యాల."

వ్యాను అన్న నా వైపు చూశాడు. నేను తల ఊపాను. లోపలికి అడుగు పెట్టగానే ఆయన వెనక నుంచి తలుపు మూశాడు. గడియ పెట్టాడా లేదా చూడటానికి నేను తిరిగాను. పెట్టలేదు. అయినా నా చేతిలోని సెల్‌ఫోన్ కింద పెట్టలేదు.

ఆ గదిలో ఒక మంచం. దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది, మనుషులు ఎవరూ లేరు. తలాపున మిషన్. చిన్న బీరువా అంత ఉంది, కింద చక్రాలు. అప్పటికే నడుస్తోంది. కొంచెం కొంచెం సేపటికి గట్టిగా నిట్టూర్చినట్టు ఒక శబ్దం. ఎవరూ లేని మంచం పక్కన అది ఊపిరి తీస్తూ ఉంటే నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

"కూర్చో. ఒక గంట కూర్చోవాల" అన్నాడు.

"గంటెందుకండీ? మా నాయన ఇంట్లో..."

"తెలుసు. అందుకే కూర్చోమంటా ఉండాను. తలుపు మూసింది కూడా అందుకే, సద్దు సరిగ్గా ఇనపడాల. ఇది వేడెక్కినాకే దీని గుణం బయటపడేది. మొదట్లో అన్నీ బాగానే తిరగతాయి."

తలుపుకు దగ్గరగా ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. ఆయన మంచం మీద కూర్చోకుండా నేల మీద, గోడకు ఆనుకొని కూర్చున్నాడు. కిటికీలోంచి కొండ కనబడుతోంది. ఘాట్ రోడ్డు మీద బస్సులు చీమల్లా పాకుతున్నాయి. ఆయన వాటినే చూస్తున్నాడు. తరువాత, నన్ను చూడకుండానే మొదలుపెట్టాడు.

"నేను ఆ బస్సులు తోలినోన్ని. రిటైరైనాను. ఈ మంచం మా ఇంటామెది. మీ నాయన మాదిరే రోగం. మేమూ నెట్‌లోనే కొన్నాము ఈ మిషన్ని, మా చెల్లెలి కొడుకు సూసి పెట్టినాడు. దూరం ఊరోడు, మంచోడే, లారీలో ఏసి పంపించినాడు. లారీ ఆఫీసులో సూస్తే అట్ట పెట్టె అడ్డంగా పడేసుండాది, దాని మీద రెండు బస్తాలు. ఇంటికి తెచ్చి స్విచ్చేసినాం. తిరిగినాది. లైటు ఎలిగినాది. గొట్టం కాడ చెయ్యి పెడితే గాలి వస్తా ఉండాది. ఇంకేం కావాల? ఆమెకు పెట్టేసినాం. సిలిండర్లు వాపసు ఇచ్చేసినాం."

 మిషన్ మళ్లీ నిట్టూర్చింది.

"ఆమె నాలుగు రోజులు సెప్తానే ఉన్నింది పాపా. సాల్లేదు, సాల్లేదు అని. నేను కసురుకున్నా. గాలి వస్తా ఉండాది గదా, నీకు భయం ఎక్కువైపోయింది, ఊరికే పండుకో అన్నా. ఐదోనాడు గోళ్లు నల్లబడినాయి. మాట తడబడినాది. ఆసుపత్రికి ఎత్తుకపోయినాం. ఆడ ఒక పిల్లోడు, మిషన్లు సూసేవాడు, మా ఇంటికొచ్చి మీటరు పెట్టి సూసినాడు. దీంట్లోంచి వచ్చేది ఉత్త గాలి. ఈ గదిలో ఉండే గాలే. ఆక్సిజను లేదు. లోపల ఏదో పగిలినాదంట, పైకి ఏం తెలీదంట."

"ఆమె...?"

"బతికినాది. ఇంటికొచ్చినాది. దీన్ని మద్రాసుకు ఎత్తుకపోయి, లోపలి సామాన్లు మార్పించి, రైల్లో నా కాళ్ల మధ్యన పెట్టుకొని తెచ్చినా. ఆ తరువాత ఏడాది పైన బాగానే పనిచేసినాది. కానీ ఆమెకు నమ్మకం పోయినాది. ముక్కుకు గొట్టం పెట్టినప్పుడల్లా నా చెయ్యి పట్టుకొని అడిగేది, ఇది నిజం గాలేనా, ఉత్త గాలా అని. పోయేదాకా అడిగినాది. నేను ఎన్నిసార్లు సెప్పినా ఆ కళ్లల్లో భయం పోలేదు."

ఆ మాట విన్నాక నాకు ఆయన మీద ఉన్న భయం ఎటు పోయిందో తెలియదు. దాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది, మొదటిదానికంటే పెద్దది. ఈయన చెప్పకపోతే నేను కూడా గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూసి, నాయన ముక్కుకు తగిలించి ఉండేదాన్ని. చాలడం లేదని నాయన అంటే, నేనూ ఆయన్ను పడుకోమనే ఉండేదాన్ని.

గంట అయ్యాక ఆయన లేచి పొడుగాటి గొట్టాన్ని వరండా చివరికి లాక్కుపోయాడు. ఒక అగరువత్తి వెలిగించి, మంట ఊదేసి, ఎర్రటి నిప్పుకణాన్ని గొట్టం చివరకు చూపించాడు. ఆ కణం తెల్లగా మెరిసి భగ్గున అంటుకుంది. నేను వెనక్కి గెంతాను.

"సూసినావా. అంటుకుంటే నిజం గాలి. ఊరికే ఎర్రగా ఉంటే ఉత్త గాలి. ఆ మిషన్ల పిల్లోడు నేర్పినాడు. కానీ మనిషి ఉండే గదిలో ఎప్పుడూ చెయ్యొద్దు, మంచం కాడ అసలు చెయ్యొద్దు. గుడ్డలంటుకుంటే ఆరేది కాదు. ఇట్లా బయట, గొట్టం మనిషికి పెట్టకముందు. తెలిసినాదా?"

"తెలిసింది."

"మీ ఊర్లో కరెంటు ఎట్లా?"

"పొద్దున పోతుంది, మధ్యాహ్నం పోతుంది. ఎప్పుడొస్తుందో చెప్పలేం."

"అట్లయితే ఇది వచ్చిందని సిలిండరు వాపసు ఇచ్చెయ్యొద్దు. మూడు దిండ్లంటివి కాబట్టి ఇస్తా ఉండాను. కూర్చొనే నిద్రపోతాడని సెప్పుంటే ఇచ్చుండను, ముందు ఆసుపత్రికి పొమ్మనుంటాను."

మిషన్‌ను డబ్బు తీసుకున్నాక ఆయనే వ్యాను దాకా మోసుకొచ్చాడు. సీట్ల మధ్యన నిలబెట్టి, రెండు వైపులా దిండ్లు పెట్టి, పాత పంచెతో కట్టాడు. ఆ దిండ్లు ఎవరివో నేను అడగలేదు. వ్యాను అన్నతో, "గుంత కనపడితే నడిసినట్టు పోవాల అబ్బా. ఇది వొరగకూడదు" అన్నాడు. గేటుకు మళ్లీ గొలుసు చుడుతూ ఉంటే అద్దంలోంచి చూశాను. అప్పటికీ ఆయన పేరు నాకు తెలియదు.

చంద్రగిరి దాటుతుండగా అమ్మ ఫోన్ చేసింది. 

"పాపా, యాడుండావు? సిలిండరు అయిపోవచ్చింది. రెండోదానికి మార్చినాము. మర తిప్పితే బుస్సుమని రవ్వంత వచ్చి నిలిచిపోయింది. దాంట్లో ఏం లేదు. లీకైనాదేమో."

"మొదటిదాంట్లో ఎంతుంది?"

"ముల్లు ఎర్రగీత కాడ ఉండాది. మళ్లీ దాన్నే తగిలించినా. సగానికి తగ్గించి పెట్టినా. మీ నాయన..." అక్కడితో లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే సిగ్నల్ లేదు.

వ్యాను అన్న మాట వినబడి ఉంటుంది. కాలు అదిమాడు. ఆ రోడ్డు అప్పట్లో గుంతలమయం. మొదటి కుదుపుకే మిషన్ లోపల ఏదో టక్కుమంది.  నిదానంగా పోతే నాయనకు గాలి అయిపోతుంది. వేగంగా పోతే తీసుకుపోయేది ఉత్త గాలి అవుతుంది. 

"అన్నా, ఒక్క నిమిషం నిలుపు" అన్నాను. పంచె విప్పి, నేను సీటులో వెనక్కి కూర్చొని, మిషన్‌ను ఒళ్లోకి ఎత్తి పెట్టమన్నాను. దిండ్లు నా తొడల మీద వేసుకున్నాను. బస్తా బరువుంది అది. రెండు చేతులతో చుట్టి గుండెకు అదుముకున్నాను. "ఇప్పుడు పోనీ అన్నా. ఎంత వేగంగా అయినా పోనీ."

గుంత వచ్చినప్పుడల్లా కుదుపు నా కాళ్లలోంచి పోయేది. కాళ్లు తిమ్మిరెక్కి, తరువాత స్పర్శే లేకుండా పోయినాయి. మిషన్ వెచ్చగా ఉంది, అక్కడ గంటసేపు తిరిగింది కదా. పాకాల దాటాక ఫోన్ కలిసింది కానీ అమ్మ తియ్యలేదు. మళ్లీ చేశాను. తియ్యలేదు.  అద్దంలో నన్ను చూడకుండా ఉండటానికి వ్యాను అన్న పడుతున్న కష్టం నాకు తెలుస్తోంది. చిత్తూరు ఊరి మధ్యలో బెల్లం బండ్లు అడ్డం పడినప్పుడు ఒక్కసారి మాత్రం స్టీరింగు మీద కొట్టాడు.

ఇంటి ముందు ఆగేసరికి వాకిట్లో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. వాకిట్లో జనం నిలబడితే దాని అర్థం ఏమిటో పల్లెలో పుట్టినవాళ్లకు చెప్పక్కర లేదు. నేను దిగలేకపోయాను.  పక్కింటి అవ్వ తలుపు దగ్గరికి వచ్చి, "ఉండాడు, ఉండాడు. తొందరగా రా" అంది. అప్పుడు దిగాను.

నాయన మంచం అంచున కూర్చొని ఉన్నాడు, బంద్ రోజు కూర్చున్నట్టే. అమ్మ విసురుతోంది. ఫోన్ ఎక్కడో మోగి మోగి ఆగిపోయిందని కూడా ఆమెకు తెలియదు. మిషన్‌ను వ్యాను అన్న మోసుకొచ్చి మంచం పక్కన పెట్టాడు. నేను ప్లగ్గు పెట్టి, స్విచ్ వేశాను.

ఏమీ కాలేదు.

"కరెంటు లేదు పాపా" అంది అమ్మ. "పోయి చానాసేపైంది."

ముల్లు ఎర్రగీత అడుగున ఉంది. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టులో ఎంత బలం ఉందో ఇప్పటికీ నా మణికట్టుకు గుర్తుంది.

ఊరి చివర పాల కేంద్రం ఉండేది. రెండు పూటలా ఊరి పాలన్నీ అక్కడ పోసేవాళ్లు. పాలు చల్లబరిచే పెద్ద తొట్టికి కరెంటు ఆగకూడదని జనరేటరు పెట్టారు. ఆ సంగతి గుర్తుచేసింది నేను కాదు, వ్యాను అన్న. "పాల కేంద్రానికి పోదాం. ఆడ జనరేటరు తిరగతా ఉంటాది" అన్నాడు. నాయనను, అయిపోతున్న ఆ సిలిండరునూ, మిషన్‌నూ అందరం కలిసి వ్యానులోకి ఎక్కించాము. పోయింది రెండు సందుల దూరమే.

సాయంత్రం పాలు పోసే వేళ. క్యాన్లు పట్టుకొని జనం వరుసలో ఉన్నారు. కేంద్రం చూసే ఆయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. సంగతి చెప్పాను. ఆయన జనరేటరు వైపు చూశాడు, తొట్టి వైపు చూశాడు.

"అది మోస్తాదో మొయ్యదో తెలీదమ్మా. లోడెక్కువై ఆగిపోతే ఊరి పాలన్నీ విరిగిపోతాయి. నా మీద పడతారు."

వరుసలో ముందున్న ముసలాయన, నాయనతో కలిసి గానుగ ఆడినవాడు, తన క్యాను కింద పెట్టాడు. "విరిగితే విరగనీలేప్పా. ముందు పెట్టు" అన్నాడు.

ఉన్నది ఒక్కటే ప్లగ్గు. దానికి పాలలో వెన్న ఎంతుందో చూసే మిషన్ తగిలించి ఉంది. కేంద్రం ఆయన దాన్ని పీకేసి మాది పెట్టాడు. జనరేటరు శబ్దం ఒక్కసారి బొంగురుపోయింది. అందరం దాని వైపే చూశాము. మళ్లీ సర్దుకుంది. మిషన్ కదిలి, కొంచెం సేపటికి నిట్టూర్చింది. లైటు వెలిగింది. గొట్టం చివర గాలి వస్తోంది.

అమ్మ గొట్టం కోసం చెయ్యి చాచింది. నేను ఇవ్వలేదు. గోడకున్న దేవుడి పటం దగ్గర వెలుగుతున్న అగరువత్తి ఒకటి లాక్కొని, గొట్టాన్ని కిటికీలోంచి బయటికి వేసి, నేను చుట్టూ తిరిగి బయటికి పరుగెత్తాను. "మనిషి సస్తా ఉంటే ఏం సేస్తా ఉండావే?" అని అమ్మ కేక. ఆమెకు ఏం చెప్పను? దారిలో టక్కుమన్న ఆ శబ్దం నా చెవిలోనే ఉంది. నిప్పుకణాన్ని గొట్టం మూతికి పెట్టాను. మొదటిసారి ఏమీ కాలేదు. ఎర్రగా ఉండిపోయింది.  వేడెక్కాలన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. నాయన దగ్గు లోపలి నుంచి వినబడుతోంది. ఇంకొంచెం సేపు ఆగి మళ్లీ పెట్టాను.

భగ్గుమంది.

వత్తిని మట్టిలో పొడిచి ఆర్పేసి, లోపలికి పోయి గొట్టం నాయన ముక్కుకు పెట్టాను. తరువాత చేయగలిగింది ఏమీ లేదు. ఆయన పెదాలను చూస్తూ కూర్చోవడమే. అమ్మ ఒక పక్క, నేను ఒక పక్క. పాల క్యాన్ల వరుస కదలకుండా అట్లాగే నిలబడి ఉంది.  జనరేటరు కొంచెం తగ్గినట్టు వినబడితే చాలు, అంతమంది తలలూ ఒకేసారి అటు తిరిగేవి.

భుజాలు ముందు దిగినాయి. ఆ తరువాత చాలాసేపటికి పెదాల మీద నలుపు అంచుల నుంచి విడవడం మొదలైంది. నాయన తలెత్తి చుట్టూ చూశాడు.

"ఏంది... పాల వాసనొస్తా ఉండాది" అన్నాడు.

అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని గోడవైపు తిరిగింది. కేంద్రం ఆయన బల్ల దగ్గర కూర్చొని, "వెన్న సూసే మిషను లేదు. ఈ పూట అందరి పాలూ మంచివే. పోసిపోండ్రా" అన్నాడు. వరుస కదిలింది. కరెంటు వచ్చిందని ఎవరో పిల్లలు అరిచేదాకా మేము ఆ తొట్టి పక్కనే ఉన్నాము.

ఆ తరువాత వచ్చిన చెరుకు కోతలు నాయన చూశాడు. పొడుగాటి గొట్టంతో వాకిట్లో కూర్చొని, ఇతరుల పొయ్యిల పొగ ఎటు పోతుందో చూసి, పాకం ఎంతవరకు వచ్చిందో మాకు చెప్పేవాడు. కరెంటు పోయిన ప్రతిసారీ మేం ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకునేవాళ్లం. ఇంట్లో ఎప్పుడూ ఒక నిండు సిలిండరు ఉండేది, నేను వారానికొకసారి దాని మర తిప్పి చూసేదాన్ని. ఆ భయం ఏ రోజూ తగ్గలేదు. దానితోనే అన్నం తిన్నాము, దానితోనే నిద్రపోయాము.

వానల్లో జ్వరం వచ్చి తిరుపతి ఆసుపత్రిలో నాయన పోయాడు. దినాలు అయిపోయాక, మిషన్ ఇచ్చిన ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. 

"ఊపిరాడక కాదు గదా పాపా?"

"కాదు. జ్వరం."

"సరే." వెనక నుంచి బస్సు హారను వినబడింది. "ఒక మాట సెప్తా. మా ఇంటామె పోయినప్పుడు నాకు ముందుగా వచ్చింది ఏడుపు కాదు. ఇంక కరెంటు పోతే పోనీలే అనిపించినాది. చానా రోజులు నన్ను నేనే తిట్టుకున్నా. నీకూ అట్లా అనిపించుంటే తప్పనుకోవద్దు."

ఆ ఫోనుకు ముందురోజు మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు అమ్మా నేనూ ఇద్దరం ఒక్కసారిగా లేచి నిలబడ్డాము. తరువాత ఇద్దరం కూర్చున్నాము. అమ్మ కాళ్లు చాపుకొని, చాలా రోజుల తరువాత, ఆ ఉక్కలోనే నిద్రపోయింది. నేను ఆమెను చూస్తూ ఉండిపోయాను, ఎవరికీ చెప్పుకోలేని మాట ఒకటి గొంతులో పెట్టుకొని.

ఫోన్ పెట్టేశాక, కరెంటు పోతే పోనీలే అనిపించినా తప్పు కాదని ఆయన అన్నది అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చెయ్యి ఆగింది.

"ఆయప్పకు ఎట్లా తెలిసినాది?" అంది.